తోమిన కుండ

ఆ కుండ మా ఇంటికి వచ్చిన పొద్దున నేను మా అమ్మాయి మీద అరిచాను. అరవక ఏం చేయను? శ్రావణ శుక్రవారం. తలంటు పోసుకుని అమ్మవారికి పీట వేసుకుంటున్నాను. గుమ్మం ముందు జీపు ఆగింది. మా కిరణ్మయి దిగింది, ఆమె వెనకాలే ఒక ఆడమనిషి దిగి, కుండ నెత్తిన పెట్టుకుంది. ఇద్దరికంటే ముందు వాసన లోపలికి వచ్చేసింది.

"ఏమిటే ఇది?"

"లంద కుండమ్మా. ల్యాబులో గది కురుస్తోంది. మరమ్మతు అయ్యేదాకా మన వెనక వరండాలో పెడతాను."

"కల్లు కుండా? శుక్రవారం పూట?"

"కల్లు కాదమ్మా. బియ్యప్పిండి ఉడికించి పులియబెడతారు."

"తాగితే మత్తెక్కుతుందా లేదా?"

"ఎక్కుతుంది."

"అయితే కల్లే. నాకు చెప్పొచ్చావు."

పక్కనున్న ఆవిడ నవ్వింది. తెలుగు రాదేమో అనుకుని నోటికొచ్చింది అనేశాను గానీ, ఆవిడకు శుభ్రంగా వచ్చు. పేరు గంగే. దొర్ల తెగ మనిషి. ఊరు తర్లగూడ దగ్గర. ఆ పక్క వాళ్ళు తెలంగాణ సరిహద్దు మీద ఉంటారు కాబట్టి తెలుగు మాటలు వాళ్ళ నోట్లో పుట్టుకతోనే ఉంటాయి.

మా సంగతి కూడా చెప్పాలి. మాది విజయనగరం పక్క. మా ఆయన కిరండూల్ ఇనుప గనిలో ఫోర్‌మన్. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ నేను ఆ కంపెనీ క్వార్టర్లలోనే బతికాను. ఆయన పోయాక జగదల్‌పూర్‌లో అమ్మాయి దగ్గర ఉంటున్నాను. ఇన్నేళ్ళు బస్తర్‌లో ఉండీ నా వంటింట్లోకి ఉల్లిపాయను మించి ఇంకేదీ రానివ్వలేదు, ఆఖరికి వెల్లుల్లిని కూడా. అలాంటి ఇంటికి లంద కుండ.

మా అమ్మాయి బయోకెమిస్టు. అడిగినవాళ్ళకు నేను "సూక్ష్మజీవుల్ని పెంచుతుంది" అని చెబుతాను, గేదెల్ని పెంచుతుందన్నట్టు. మైసూరులో పీహెచ్‌డీ చేసింది. తర్వాత హైదరాబాద్ అవతల ఒక కంపెనీలో చాలా ఏళ్ళు పనిచేసింది. రెండంతస్తుల ఎత్తు స్టీలు పీపాల్లో ఒకే ఒక్క రకం బాక్టీరియాను పెంచి, అది విడిచే సరుకేదో తీసి, బట్టలుతికే పౌడర్ చేసేవాళ్ళకు అమ్మే కంపెనీ అది. మరకను కొరికి తినేసే సరుకట. ఒకసారి ఆ పౌడర్ ప్యాకెట్ తెచ్చి, "అమ్మా, ఇందులో ఉన్నది నా పిల్లలు చేసిందే" అని చూపించింది. అంతే, ఆ రోజు నుంచి మా ఇంట్లో ఇంకో పౌడర్ లేదు. పక్కింటివాళ్ళ చేత కూడా అదే కొనిపించాను.

అలాంటి ఉద్యోగం వదిలేసి ఈ బస్తర్‌లో లంద మీద పరిశోధన అంటూ వచ్చింది. ఎందుకే అంటే, "ఇన్నాళ్ళూ ఒకదాన్ని మందలోంచి విడదీసి ఒంటరిగా పెంచానమ్మా. మందలో అవి ఎలా బతుకుతాయో చూడాలనిపించింది" అంది. నాకు ఒళ్ళు మండింది. మందలో బతకడం చూడాలంటే పెళ్ళి చేసుకోవే అన్నాను. ఆ మాటకు రెండు రోజులు మాట్లాడలేదు. ఈమధ్యే పాత కంపెనీ వాళ్ళు మళ్ళీ పిలిచారు, ల్యాబుకు పెద్దగా. జనవరిలో చేరాలి. నేనైతే అప్పటికే అటక మీది పెట్టెలు దింపించి దులిపించాను.

కుండ దగ్గరికి వస్తాను. వరండా మూలలో చుట్టకుదురు వేసి, గంగే రెండు చేతులతో దాన్ని దింపింది. అది కుదురుకుందో లేదో అటూ ఇటూ కదిపి చూసి గానీ చేయి తీయలేదు. నేను కాఫీ ఇచ్చాను. కాఫీ తాగుతున్నంతసేపూ ఆవిడ చూపు కుండ మీదే ఉంది.

"అంత ప్రాణమా ఆ కుండంటే?" అన్నాను.

"మా అమ్మదమ్మా. అడవుల తుపాకుల గడబిడ అయిన ఏండ్లల ఊరు ఇడిసి తెలంగాణల మిరపతోటలకు కూలికి పోయినం. అమ్మ బియ్యం ఇడిసింది, కోళ్ళను ఇడిసింది. ఇది ఇడవలే. నెత్తిన పెట్టుకొని నడిచింది. మళ్ల ఊరికి వచ్చేటప్పుడు గూడ గట్లనే తెచ్చింది." గంగే గ్లాసు కింద పెట్టింది. "పోయిన ఎండాకాలం అమ్మ పోయింది. కొత్తల పండుగకు అమ్మ పేరు మీద ఈ కుండలనే లంద కావాలె. గప్పటికి పంపున్రి. మా అన్న భీమా ఇయ్యొద్దన్నడు. మేడమ్ మంచిదని నేనే ఇచ్చినా."

కొత్తల పండుగంటే కొత్త బియ్యం ఇంటికొచ్చాక ముందుగా చనిపోయిన పెద్దలకు పెట్టి, ఆ తర్వాత ఇంట్లోవాళ్ళు తినడం. అది నాకు తెలుసు. మా కిరండూల్ క్వార్టర్లలో పనికొచ్చే ఆడవాళ్ళంతా ఆ రోజు నాగా పెట్టేవాళ్ళు.

గంగే సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయింది. "అమ్మా, దాన్ని ముట్టుకోకు" అని కిరణ్మయి నాతో అంది. ముట్టుకుంటే పగులుతుందని కాబోలు అనుకున్నాను. నేనేమన్నా చిన్నపిల్లనా పగలగొట్టడానికి? నేను దాని దరిదాపులకు కూడా పోలేదు. అమ్మాయి మాత్రం అప్పుడప్పుడూ వచ్చి చిన్న చెంచాతో లోపల గోకి, గాజు సీసాలో వేసుకుని ల్యాబుకు తీసుకెళ్ళేది. వర్షాలు తగ్గాయి. దసరా రథాలు తిరిగాయి, చూడ్డానికి వచ్చిన జనమంతా ఊళ్ళకు వెళ్ళిపోయారు. అమ్మాయి ఏదో సమావేశమని రాయ్‌పూర్ వెళ్ళింది. వెళుతూ వెళుతూ, "వచ్చాక కుండ గంగే వాళ్ళకి ఇచ్చేయాలమ్మా, పండుగ దగ్గరికి వచ్చింది" అంది.

అదిగో, ఆ మాటే నా చేత ఆ పని చేయించింది.

ఒకరింటి గిన్నె మనింటికి వస్తే దాన్ని ఎలా తిరిగి ఇవ్వాలో మా అమ్మ నాకు నేర్పింది, నేను మా అమ్మాయికి నేర్పాను. ఎంగిలి గిన్నె ఇవ్వకూడదు. ఖాళీ గిన్నె అసలే ఇవ్వకూడదు. తోమి, తుడిచి, లోపల ఇంత బెల్లమో పప్పో వేసి ఇవ్వాలి. ఈ అమ్మాయి మూడు నెలలు ఆ కుండను వాడుకుని, ఆ కంపుతోనే, ఆ నల్లటి చెక్కుతోనే తిరిగి ఇస్తుందా? చనిపోయిన తల్లి జ్ఞాపకంగా దాచుకున్న కుండ! నాకు సిగ్గేసింది. వాసన కూడా మరిచిపోయి, కొంగు ముక్కుకు కట్టుకుని దాన్ని పెరట్లోకి తెచ్చాను.

ఎంత జాగ్రత్తగా తోమానో చెబితే నవ్వుతారు. గాటు పడకూడదని కటిక నేల మీద పెట్టలేదు, గోనె సంచి పరిచి ఒళ్ళో పెట్టుకున్నాను. అడుగున చెక్కు కట్టిందంతా కొబ్బరిచిప్పతో మెల్లగా గోకాను. చేతి మందాన ఊడివచ్చింది. తర్వాత వేడినీళ్ళు. వేడినీళ్ళలో మా అమ్మాయి పౌడర్. ఇంత మొండి మరకకు దానికి మించింది లేదు కదా. రాత్రంతా నానబెట్టి, తెల్లారాక కొబ్బరిపీచుతో తోమి, నాలుగు నీళ్ళు పోసి కడిగి, ఎండలో బోర్లించాను. ఎండాక చూస్తే లోపల ఎర్రగా, కుమ్మరి ఇప్పుడే ఇచ్చినట్టుంది. అందులో కందిపప్పు పోసి, పైన బెల్లం అచ్చు పెట్టి, గుడ్డ కట్టాను. నాకు నేనే మురిసిపోయాను.

కిరణ్మయి వచ్చి సంచీ కింద పెట్టకుండానే వరండాలోకి చూసింది.

"అమ్మా, కుండేదీ?"

"వంటింట్లో. చూడు ఎలా మెరుస్తోందో."

అది గుడ్డ విప్పింది. పప్పు మీద చేయి పెట్టింది. పప్పు పక్కకు తోసి లోపలి గోడ మీద వేలితో రాసి, ఆ వేలిని చూసుకుంది. అరుస్తుందేమో అనుకున్నాను. అరిస్తే బాగుండేది. అక్కడే నేల మీద కూలబడిపోయింది.

"ఏమైందే? చెప్పవే."

"అమ్మా, నువ్వు రోజూ పెరుగు గిన్నెలో అడుగున కాస్త ఎందుకు మిగులుస్తావు?"

"తోడుకు."

"ఆ చెక్కు వాళ్ళ తోడమ్మా."

ఆ మాట నాకెలా తగిలిందో నా పెరుగు సంగతి తెలిసినవాళ్ళకు అర్థమవుతుంది. పెళ్ళయి కిరండూల్ వస్తూ మా అమ్మ ఇంటి తోడు హార్లిక్స్ సీసాలో పోసుకుని ఒళ్ళో పెట్టుకుని రైల్లో కూర్చున్నదాన్ని నేను. ఒకసారి పనమ్మాయి గిన్నె మొత్తం కడిగేస్తే, పాల వ్యాను ఆపి, విశాఖలో ఉన్న మా చెల్లెలి దగ్గర్నుంచి అదే తోడు తెప్పించుకున్నదాన్ని. మా చెల్లెలు నవ్వింది కూడా, బజారు పెరుగుతో తోడేసుకోవచ్చు కదా అక్కా అని. అమ్మది, అమ్మది వేరు అన్నాను. ఇంత తెలిసినదాన్ని, ఇంకొకరి అమ్మను వేడినీళ్ళు పోసి కడిగేశాను.

"కుండ కదా జ్ఞాపకం అనుకున్నాను," అన్నాను.

"కుండలు వాళ్ళు మారుస్తూనే ఉంటారమ్మా. పాతది పగిలితే దాని చెక్కు కొత్తదానికి రాస్తారు. వాళ్ళమ్మ నెత్తిన మోసింది కుండననుకున్నావా? ఆ చెక్కుని."

"నీ దగ్గర ఉంది కదే. సీసాల్లో పట్టుకెళ్ళావుగా."

అప్పుడు అది నా వైపు చూసిన చూపు నేను మరిచిపోలేను. కోపం కాదు. దొరికిపోయినవాళ్ళు చూసే చూపు.

"నేను తీసుకెళ్ళింది పళ్ళేల్లో పెంచానమ్మా. మూడు రకాలు బాగా పెరిగాయి. వాటిని విడదీసి ఫ్రీజర్‌లో దాచాను. మిగతావి సరిగ్గా పెరగలేదు. పనికిరావని ఉడకబెట్టి పారేశాను. మా పనిలో అలాగే చేస్తారు. కావాలంటే కుండ ఉందిగా, మళ్ళీ గోకవచ్చు అనుకున్నాను." మళ్ళీ తనే అంది, "నువ్వు ఒక్కరోజులో చేసిన పని నేను మూడు నెలలుగా చేస్తూనే ఉన్నాను."

"ఊళ్ళో ఇంకెవరింట్లోనూ లేదా?"

"మిగతావాళ్ళంతా తిరిగొచ్చాక సంతలో అమ్మే పొడి వేస్తున్నారు. పాత చెక్కు ఉన్నది ఆ ఒక్క ఇంట్లోనే. అందుకే కదా నేను దాన్ని అడిగి తెచ్చింది."

ఆ రోజు మేమిద్దరం అన్నం తినలేదు. సాయంత్రం నేనే మొదలుపెట్టాను. ఆ తర్వాత చేసినదాంట్లో దాని తప్పేం లేదు, ఆ మాట ముందు అన్నది నేనే. "ఆ మూడింటినీ కలిపి ఈ కుండకు రాయలేవా?"

"రాయొచ్చు."

"లంద అవుతుందా?"

"అవుతుంది. పులుస్తుంది, పొంగుతుంది, మత్తెక్కుతుంది. వాళ్ళమ్మది మాత్రం కాదు."

"ఎవరికి తెలుస్తుందే?"

"మనకి తెలుస్తుందమ్మా."

"కిరణా, నేను ఏ మొహం పెట్టుకుని ఆ పిల్లకు చెప్పను? వద్దన్న అన్నను కాదని ఇచ్చిందే. ఏదో ఒకటి చెయ్యవే, నీకు దణ్ణం పెడతాను." నిజంగానే చేతులు జోడించాను. కన్నకూతురికి.

మర్నాడు కుండ పట్టుకుని ల్యాబుకు వెళ్ళాం. అన్నం ఉడికించి, చల్లార్చి, మూడు సీసాల్లోవి అందులో కలిపింది. ఆ ముద్దను నేనే కుండ లోపలి గోడలకు రాశాను, తోమిన చేతులతోనే. ఫ్యాను కింద ఆరబెట్టి, మళ్ళీ రాసి, ఎర్రదనం కనపడకుండా పొయ్యి మీద పొగ పట్టించాం. ఇద్దరం దొంగల్లా పని చేశాం. అయితే ఒకటి చెప్పాలి. ముద్ద మీద చిన్న చిన్న బుడగలు లేచినప్పుడు మా అమ్మాయి వంగి చూసింది. దాని మొహం వెలిగింది. ఈ మూడింటితోనే లంద అయిపోతే, ఇన్నేళ్ళ పరిశోధనకు జవాబు దొరికినట్టేనట. ఆ వెలుగు నేను చూశానని తెలిసి వెంటనే తల దించుకుంది. మళ్ళీ నాకేసి చూడలేదు.

కుండను కిరణ్మయే జీపులో తీసుకెళ్ళి ఇచ్చి వచ్చింది. "గంగే వాసన చూసింది. నాకేసి చూసి నవ్వింది. నమ్మిందమ్మా" అని, స్నానాలగదిలోకి వెళ్ళి చాలాసేపు నీళ్ళు పోసుకుంది.

పండుగ ముందు గంగే ఫోన్ చేసింది. "మీ అమ్మను గూడ తోలుకరావాలె మేడమ్" అందట. వెళ్ళకపోతే అనుమానం, వెళితే ఆ మొహం చూడాలి. వెళ్ళాం. చీకటితోనే బయల్దేరి, బీజాపూర్ మీదుగా భోపాలపట్నం దాటి తర్లగూడ దారి పట్టాం.

గంగే ఇల్లు అలికి ముగ్గు పెట్టుకుని ఉంది. చుట్టాలూ పిల్లలూ ఇంటినిండా. కొత్త బియ్యం అన్నం కుండలో ఉడుకుతుంటే ఆ వాసనకు పిల్లలు పొయ్యి చుట్టూనే తిరుగుతున్నారు. ఒక్కడికీ మెతుకు పెట్టలేదు, పెద్దలు తినాలి కదా ముందు. గంగే నన్ను మంచం మీద కూర్చోబెట్టి కాళ్ళకు నీళ్ళిచ్చింది. "మా అమ్మ ఉంటే నీతోని మస్తు మాట్లాడుతుండె" అంది. నేను నవ్వాననుకుంటాను.

లోపలి గదిలో, చనిపోయినవాళ్ళు ఉంటారనే మూలలో, భీమా కూర్చున్నాడు. గంగే లంద కుండ తెచ్చి పక్కన పెట్టింది. అతను ఆకు దొప్పలో లంద వంచి, తల్లి పేరు చెప్పి నేల మీద కొంచెం పోసి, మిగిలింది నోట్లో పోసుకున్నాడు.

మింగలేదు. నోట్లో పెట్టుకుని అలాగే ఉండిపోయాడు. తర్వాత బయటికి వెళ్ళి ఉమ్మేసి వచ్చాడు.

వాళ్ళ దొర్లి భాషలో ఏదో అన్నాడు. గంగే తాను ఒక దొప్ప తీసుకుని రుచి చూసింది. ఆమె మొహంలో రంగు పోయింది. భీమా గొంతు పెరిగింది, వేలు చెల్లెలి వైపు చూపిస్తూ అరుస్తున్నాడు. నాకు ఆ భాష రాదు, అయినా ప్రతి మాటా తెలుస్తూనే ఉంది. గంగే తన ముందున్న విస్తరాకు తీసి, మడిచి, పక్కన పెట్టి, బయటికి వచ్చి అరుగు చివర కూర్చుంది.

కిరణ్మయి, నేనూ వెనకే వచ్చాం. "ఏమైంది గంగే?"

"అమ్మ రాలే మేడమ్. లంద అయితే అయింది. అండ్ల అమ్మ లేదు." కళ్ళు తుడుచుకోలేదు, కారుతుంటే కారనిచ్చింది. "కుండ ఇల్లు దాటించినా గదా నేను. అమ్మకు కోపం వచ్చి పోయింది. అన్న అన్నది నిజమే. ఈ ఇంట్ల కొత్తన్నం నాకు లేదు ఇగ."

"అలా కాదు గంగే," మా అమ్మాయి అందుకుంది, "చలి మొదలైతే ఒక్కోసారి పులుపు మారుతుంది..."

నాకు ఒళ్ళు భగ్గుమంది. దాని మీద కాదు. ఆ మాటలు దాని నోట పెట్టింది నేనే కదా.

"నోరు ముయ్యవే," అన్నాను. "గంగే, మీ అమ్మకు కోపం రాలేదమ్మా. కుండ నేను కడిగేశాను."

ఆమె నా వైపు తిరిగింది.

"నేనే. తిరిగి ఇచ్చేటప్పుడు శుభ్రంగా ఇవ్వాలని తోమేశాను. తెలియక చేశాను. తెలిశాక చేసింది మాత్రం తెలిసే చేశాం. ల్యాబులో ఏవో కలిపి రాసి, అదే ఇది అని మీకిచ్చాం. నీ తప్పేం లేదు. పాపం నాది. మీ అన్నకు చెప్పు, నన్ను ఎన్ని తిట్టినా పడతాను."

లోపలి నుంచి భీమా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. అతనికీ తెలుగు వచ్చు. అంతా విన్నాడు. మా అమ్మాయి ఏడుస్తోంది. నాకైతే ఏడుపు కూడా రాలేదు.

"ఎట్ల కడిగినవ్?" అంది గంగే.

"వేడినీళ్ళతో."

"నీళ్ళు పొయ్యక ముందు గోకినవా?"

"గోకాను. కొబ్బరిచిప్పతో."

"ఆ గోకింది ఏం చేసినవ్?"

ఎందుకు అడుగుతోందో నాకు అర్థం కాలేదు. "పెరట్లో అరటి చెట్టు మొదట్లో వేశాను. ఎరువని."

కిరణ్మయి ఏడుపు ఆపి నాకేసి చూసింది. ఆ సంగతి దానికీ చెప్పలేదు నేను. అది అడగనూ లేదు.

గంగే అన్నతో దొర్లిలో ఏదో అంది. అతను తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ అంది, ఈసారి గట్టిగా. అతను లోపలికి వెళ్ళిపోయాడు.

"అయితే అమ్మ ఆడ ఉంది," అంది గంగే నాతో. "మిరపతోటలకు పోయింది, వచ్చింది. ఇప్పుడు జగదల్‌పూర్‌ల ఉంది. గంతే."

"గంగే, మట్టిలో పడ్డాక అది..." కిరణ్మయి మొదలుపెట్టి, తనే ఆగిపోయింది.

"మేడమ్, నువ్వు సీసాల పెట్టినవి నీయి. మట్టిల పడ్డది మాది." కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు ఇంత బరువుగా ఉండేది కాదు. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మా, నువ్వు కడిగినవ్ గదా. ఇగ నువ్వే చూసుకోవాలె. ఏటేట కొత్తలకు ముందు ఆమెకు పొయ్యాలె. మీరు ఆ ఇల్లు ఇడిసి పోకున్రి."

జనవరి, హైదరాబాద్, దులిపించిన పెట్టెలు, అన్నీ నా కళ్ళ ముందు తిరిగాయి. అమ్మాయి నోరు తెరిచేలోపే దాని చేయి పట్టుకున్నాను. "ఎక్కడికీ పోను తల్లీ" అన్నాను.

భీమా లోపలి నుంచి సీసా తెచ్చాడు. అందులో లంద. కుండలోది కాదు, ఈ పొద్దున పక్కింటివాళ్ళు ఇచ్చింది. నా చేతికివ్వలేదు, నా ముందు అరుగు మీద పెట్టాడు. "అమ్మకు పోసేదాక ఈ ఇంట్ల ఎవరు కొత్తన్నం తినరు. పోసినంక ఫోన్ చెయ్యి," అన్నాడు. నా మొహం కూడా చూడలేదు.

పొయ్యి చుట్టూ పిల్లలు. మధ్యాహ్నం కూడా కాలేదు. తర్లగూడ నుంచి జగదల్‌పూర్‌కు ఆరు గంటల దారి.

మాకు వాళ్ళు తిండి పెట్టలేదు, మేము అడగలేదు. ఆ సీసా ఒళ్ళో పెట్టుకుని జీపు ఎక్కాను. డ్రైవర్‌ను తొందరపెట్టి తొందరపెట్టి వాడి చేత తిట్లు తిన్నంత పని చేశాను. టీకని ఆపితే వద్దన్నాను. బీజాపూర్ నాకా దగ్గర ఒక జవాను జీపు ఆపి, నా ఒళ్ళో సీసా చూసి, మూత తీసి వాసన చూశాడు. "మాతాజీ, యే క్యా హై?" అన్నాడు, నా విభూతి బొట్టు వైపు, సీసా వైపు మార్చి మార్చి చూస్తూ.

"ఒక తల్లిది, నాన్నా. జానే దో," అన్నాను. సగం తెలుగు, సగం హిందీ. వాడికేం అర్థమయిందో గానీ మూత పెట్టి ఇచ్చేశాడు.

దారిలో కిరణ్మయి ఒక్కసారే మాట్లాడింది. "కంపెనీకి ఏం చెప్పనమ్మా?"

"నువ్వు వెళ్ళు. నీ పని నువ్వు చూసుకో. ఆ ఇంటి ఓనర్‌తో నేను మాట్లాడుకుంటాను."

"ఇన్నాళ్ళూ నీకు ఇక్కడి నుంచి పోవాలనే కదా?"

"ఉండేది," అన్నాను. అది కిటికీ వైపు తిరిగింది. వెళుతుందో లేదో నాకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. చెప్పులు కూడా విప్పకుండా పెరట్లోకి నడిచాను. అరటి చెట్టు మామూలుగానే ఉంది. అడుగున ఎండుటాకులు తీసి, మట్టి కొంచెం గుల్ల చేశాను. సీసా మూత తీస్తే ఆ వాసన. ముక్కు మూసుకోలేదు. వాళ్ళమ్మ పేరేమిటో అడగనే లేదని అప్పుడు గుర్తొచ్చింది. మూడు నెలలు ఆవిడను ఇంట్లో పెట్టుకున్నాను, ఒళ్ళో పెట్టుకుని తోమాను, పేరు తెలియదు.

"అమ్మా," అన్నాను. ఇంకేం అనాలో తెలియలేదు. "నేనే. తాగు."

కొంచెం కొంచెంగా పోశాను. చివరి చుక్క దాకా పోసి, ఫోన్ చేశాను. ఒక్క రింగుకే గంగే ఎత్తింది.

"పోశానమ్మా."

"తాగిందా?"

నేను నేలకేసి చూశాను. చీకట్లో సరిగ్గా కనపడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడిమాను. పైన తడి లేదు, అంతా లోపలికి ఇంకిపోయింది.

"తాగింది," అన్నాను.

అవతల గంగే ఫోన్ పక్కకు తిప్పి, తెలుగులోనే, "ఇగ తినున్రి" అని పిల్లలతో అనడం వినిపించింది. తర్వాత గిన్నెల చప్పుడు. ఫోన్ పెట్టేయడం మరిచిపోయింది కాబోలు. వాళ్ళు తినడం అయ్యేదాకా నేను ఆ చెట్టు దగ్గర అలాగే కూర్చుని విన్నాను.